బయాప్సీ రిపోర్టులో కీ-67 శాతాన్ని ఎలా చదవాలి

మెదడు కణితి ఆపరేషన్ అయిన వారం పది రోజులకు బయాప్సీ రిపోర్టు ఇంటివాళ్ల చేతికి వస్తుంది. రెండు పేజీల నిండా నోరు తిరగని పేర్లు. వాటి మధ్య కీ-67 అన్న మాట, దాని పక్కన ఒక శాతం. మిగతాదేదీ అర్థం కాదు, శాతమంటే మాత్రం అందరికీ తెలుసు. అందుకే కళ్లన్నీ అక్కడే ఆగిపోతాయి.

నాలుగేళ్ల కిందట ఒక మే నెలలో ఓ అబ్బాయి తన తల్లి రిపోర్టు పట్టుకొని మా ల్యాబుకు వచ్చాడు. "కీ-67: 8 శాతం" అన్న చోట ఎర్ర పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టి ఉంది. "మేడమ్, అమ్మకు ఎనిమిది శాతమే ఆశ ఉందని దీని అర్థమా?" అని అడిగాడు. మూడు రోజులుగా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదట. ఆవిడది మెనింజియోమా, అంటే మెదడును కప్పి ఉంచే పొరల నుంచి పుట్టే కణితి. గ్రేడు 1, అంటే అన్నింటికంటే నెమ్మది రకం, అని రిపోర్టు మొదటి పేజీలోనే ఉంది. ఆ మాట చుట్టూ ఎర్ర సున్నా లేదు.

ఆ శాతాన్ని లెక్కపెట్టేది పాథాలజిస్టులమే, అంటే కణితి ముక్కను మైక్రోస్కోపులో పరీక్షించే డాక్టర్లమే. లెక్కపెట్టి, అంకె వేసి, సంతకం చేసి పంపిస్తాం. అది ఇంటికి వెళ్లి ఎంత కలవరం పుట్టిస్తుందో మాకు కనిపించదు. ఆ రోజు ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకొని చెప్పినదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ చేతిలో ఇలాంటి కాగితం ఉంటే దాన్ని ముందు పెట్టుకొని చదవండి. కీ-67 ఉన్న గీతను మాత్రం ప్రస్తుతానికి వేలితో మూసేయండి. అది చివరగా చదవవలసిన అంకె.

ముందు ఆ అంకె దేన్ని కొలుస్తుందో తెలుసుకోండి

మన ఒంట్లో కణాల్లో చాలా భాగం ఏ క్షణంలో చూసినా విభజన జోలికి పోకుండా విశ్రాంతిగా ఉంటాయి. రెండుగా చీలడానికి సిద్ధమయ్యే కణంలో కీ-67 అనే ప్రోటీన్ కనిపిస్తుంది. విభజన సాగినంతసేపూ ఉండి, కణం మళ్లీ విశ్రాంతిలోకి జారుకోగానే తగ్గి మాయమవుతుంది. ఊరంతా నిద్రపోతున్న అర్ధరాత్రి ఎన్ని ఇళ్లలో దీపం వెలుగుతోందో లెక్కపెట్టడం లాంటిది ఈ పరీక్ష. దీపం వెలిగిందంటే ఇంట్లోవాళ్లు మేలుకున్నారని తెలుస్తుంది. వాళ్లు ఏం చేయబోతున్నారో తెలియదు.

పేరు వెనుక కథ చిన్నది. జర్మనీలోని కీల్ నగరంలో యోహానెస్ గెర్డెస్, ఆయన సహచరులు 1983లో ఈ ప్రోటీన్‌ను వెతికి అంటుకొనే యాంటీబాడీ అనే పదార్థాన్ని ప్రకటించారు. పరీక్ష పళ్లెంలో అది దొరికిన గుంట వరుస సంఖ్య 67. కీల్‌లో మొదటి అక్షరాలు, ఆ సంఖ్య కలిసి పేరైంది. అప్పట్లో తాజాగా గడ్డకట్టించిన ముక్క మీదే అది పనిచేసేది. 1992లో ఎంఐబీ-1 అనే మరో యాంటీబాడీ వచ్చాక మైనంలో దాచిన పాత ముక్కల మీద కూడా అదే ప్రోటీన్‌ను చూడగలుగుతున్నాం. మీ రిపోర్టులో కీ-67కు బదులు "ఎంఐబీ-1 ఇండెక్స్" అని ఉన్నా కంగారు వద్దు, కొలిచేది ఒకటే. అంతకుముందు, 1980లలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో తకావో హోషినో బృందం ఆపరేషన్‌కు ముందు రోగి నరంలోకి బ్రోమోడియాక్సీయూరిడిన్ అనే మందు ఎక్కించి, దాన్ని పీల్చుకున్న కణాలను లెక్కపెట్టేది. ఇప్పుడు రోగికి ఏ సూదీ అక్కర్లేదు.

మేము చేసేది ఇది. సర్జన్ పంపిన ముక్క చెడిపోకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవంలో ఉండి, మైనపు దిమ్మగా మారుతుంది. దాన్నే బ్లాకు అంటాం. అందులో నుంచి మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు తీసి గాజు పలక మీద పరుస్తాం. యాంటీబాడీ వేశాక కీ-67 ఉన్న కేంద్రకాలు గోధుమ రంగు తేలుతాయి, లేనివి నీలంగా ఉండిపోతాయి. సాధారణంగా గోధుమ చుక్కలు బాగా గుమిగూడిన చోటును వెతికి, అక్కడ అయిదు వందల నుంచి వెయ్యి దాకా కణితి కణాలను లెక్కిస్తాం. ఎనిమిది శాతమంటే, లెక్కించిన ప్రతి వంద కణితి కణాల్లో ఎనిమిది విభజన దారిలో ఉన్నాయని. అది బతికే అవకాశం కాదు, మిగిలిపోయిన కణితి వాటా కాదు, జబ్బు ఎంత దూరం పాకిందో చెప్పే లెక్క కూడా కాదు.

ఆ అబ్బాయికి మైక్రోస్కోపులో చూపించాను. చాలాసేపు చూసి, "నీలం చుక్కలే ఎక్కువున్నాయి మేడమ్" అన్నాడు.

కణితి పేరు చదవండి

రోగ నిర్ధారణ అన్న చోట రాసిన పేరే మిగతా అన్నింటికీ తాళంచెవి. ఒకే శాతం ఒక కణితిలో భయపెట్టేది కావచ్చు, ఇంకో కణితిలో మామూలు కావచ్చు.

మెదడులోనే పుట్టే లింఫోమాను, అంటే రక్షణ కణాల క్యాన్సర్‌ను తీసుకోండి. అందులో కీ-67 డెబ్బై దాటుతుంది, తొంభై కూడా దాటుతుంది. అంకె మాత్రమే చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. కానీ మెదడు కణితుల్లో కీమోకు, ముఖ్యంగా ఎక్కువ మోతాదు మెథోట్రెక్సేట్‌కు, బాగా లొంగేవాటిలో ఇది ఒకటి. పిల్లల్లో వచ్చే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమాలో అప్పుడప్పుడు కీ-67 కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, అయినా అది గ్రేడు 1 కణితే. ఎక్కువగా పిల్లల్లోనే వచ్చే మెడుల్లోబ్లాస్టోమాలో శాతం సాధారణంగా ఎక్కువే. అక్కడ పిల్లవాడి భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయించేది అది ఏ జన్యు వర్గానిదన్న సంగతి. డబ్ల్యూఎన్‌టీ వర్గం పిల్లలు చాలా బాగా కోలుకుంటారు.

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి కణితుల్లో 3 శాతమన్న హద్దు చాలాకాలం నడిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004 వర్గీకరణలో అది దాటితే "ఎటిపికల్" (అసాధారణం) అనే ముద్ర పడడానికి ఒక కారణమయ్యేది. 2017లో ఆ ముద్రనే తీసేశారు. కణితి పక్కనున్న ఎముకలోకి, సిరల్లోకి చొచ్చుకుపోయిందా, ఏ రకం హార్మోను కణాల నుంచి పుట్టింది అన్నవాటితో కలిపి ఆ అంకెను చూడాలన్నది ఇప్పటి పద్ధతి. ఇంటర్నెట్‌లో పాత సమాచారం చదివి "మూడు దాటింది" అని వణికిపోతూ వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

గ్రేడు, దాని పక్కనే మైటోసిస్ లెక్క చూడండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాను. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో మెనింజియోమా గ్రేడును నిర్ణయించేది కీ-67 కాదు, మైటోసిస్‌ల సంఖ్య. మైటోసిస్ అంటే కణం కళ్లెదుటే రెండుగా చీలుతున్న దశ. దీపం వెలిగించిన ఇళ్లన్నింటిలో, గడప దాటి వీధిలోకి అడుగు పెట్టినవాళ్లను మాత్రమే లెక్కపెట్టినట్టు. మైక్రోస్కోపులో ఎక్కువ పెద్దదిగా చూపే కటకంతో పది వృత్తాలు వెతికితే నాలుగు నుంచి పందొమ్మిది దాకా మైటోసిస్‌లు దొరికితే గ్రేడు 2. ఇరవై, అంతకు మించితే గ్రేడు 3. కణితి మెదడులోకి చొచ్చుకొచ్చినా గ్రేడు 2 అవుతుంది. మైటోసిస్‌లు తక్కువే ఉన్నా, తమంతట తాముగా చచ్చిపోయిన కణాల మచ్చలు, కిక్కిరిసిన చిన్న కణాలు వంటి అయిదు లక్షణాల్లో మూడు కనిపించినా గ్రేడు 2 అవుతుంది. 2021 వర్గీకరణ నుంచి టెర్ట్ ప్రమోటర్ జన్యుమార్పు ఉన్నా, సీడీకేఎన్2ఏ/బీ జన్యువు రెండు ప్రతులూ పోయినా గ్రేడు 3గా లెక్కిస్తారు.

గందరగోళం ఎక్కడంటే, మెనింజియోమాలో కీ-67కు చెప్పుకొనే హద్దులు కూడా 4, 20లే. నాలుగు శాతం దాటితే గ్రేడు 2 కణితుల్లాగే తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందని, ఇరవై శాతం దాటితే గ్రేడు 3 వాటితో పోల్చదగిన ముప్పు ఉంటుందని అధ్యయనాలు చూపాయి. అంకెలు ఒకటే, కొలతలు వేరు. ఒకటి పది వృత్తాల్లో సంఖ్య, రెండోది వందకు వాటా. "కీ-67 ఎనిమిది, అంటే నాలుగు దాటింది, అంటే గ్రేడు 2" అని ఇంట్లో ఎవరైనా లెక్క వేస్తే ఆపండి. ఆ శాతం హెచ్చరిక చేస్తుంది, గ్రేడు మాత్రం మార్చదు.

రిపోర్టులో పీహెచ్‌హెచ్3 అన్న మాట కనిపిస్తే, అది మైటోసిస్‌లను రంగుతో పట్టి చూపే మరో పరీక్ష. కత్తిరింపులో నలిగిపోయిన కణాలను, చచ్చిపోతున్న కణాలను మైటోసిస్‌లుగా పొరబడకుండా అది కాపాడుతుంది. అనుమానం ఉన్న కేసుల్లో అడిగి చేయించుకోదగినది.

గ్లయోమా అయితే జన్యు పరీక్షలను ముందు వెతకండి

ఆస్ట్రోసైటోమా, ఆలిగోడెండ్రోగ్లయోమా, గ్లయోబ్లాస్టోమా, ఇవన్నీ గ్లయోమాలు, నాడీకణాలకు ఆసరాగా ఉండే గ్లయల్ కణాల జాతి కణితులు. వీటిలో ఏ పేరు ఉన్నా మొదట ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉందా అన్న ఫలితం చూడండి. ఐడీహెచ్ మార్పు ఉన్న ఆస్ట్రోసైటోమా గ్రేడు 2లో కీ-67 సాధారణంగా నాలుగు శాతం లోపే ఉంటుంది, గ్రేడు 3లో అయిదు నుంచి పది దాకా. రెండింటి అంచులు ఒకదానిమీదొకటి పడుతుంటాయి. అందుకే ఆ శాతంతో గీత గీసి గ్రేడు విడదీయలేం. సీడీకేఎన్2ఏ/బీ రెండు ప్రతులూ పోయాయని తేలితే, మైక్రోస్కోపులో ఎంత నెమ్మదిగా కనిపించినా ఆ ఆస్ట్రోసైటోమా గ్రేడు 4. ఇక్కడ జన్యువు మాటే పైచేయి. 1పి, 19క్యూ అనే క్రోమోజోము భాగాలు రెండూ పోయి, ఐడీహెచ్ మార్పు ఉంటే అది ఆలిగోడెండ్రోగ్లయోమా, మందులకు మెరుగ్గా లొంగే జాతి.

గ్లయోబ్లాస్టోమా అని తేలాక కీ-67 ఇరవయ్యా, నలభయ్యా అని మథనపడడం వల్ల ప్రయోజనం లేదు. రేడియేషన్‌తో పాటు టెమోజోలోమైడ్ మాత్రలు, ఆ తర్వాత కొన్ని నెలల మాత్రల కోర్సు, 2005 నుంచి నడుస్తున్న ఈ చికిత్స రెండు అంకెలకూ ఒకటే. అక్కడ మీరు అడిగి తెలుసుకోవలసింది ఎంజీఎంటీ మిథైలేషన్ ఫలితం, అంటే ఎంజీఎంటీ అనే జన్యువు కణితిలో మూతపడి ఉందా అన్నది. అది ఉంటే ఆ మాత్రలు మరింత బాగా పనిచేసే అవకాశం ఉంది.

శాతం ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి

ఇప్పుడు వేలు తీసి కీ-67 చదవండి. చదివి ఊరుకోకుండా మూడు ప్రశ్నలు అడగండి. లెక్కపెట్టింది గోధుమ చుక్కలు ఎక్కువున్న చోటా, లేక ముక్క మొత్తం సగటా? రక్తనాళాల కణాలను, రక్షణ కణాలను మినహాయించారా? ఆపరేషన్‌కు ముందు కణితికి రక్తం అందకుండా నాళాలు మూసే ఎంబలైజేషన్ జరిగిందని ల్యాబుకు తెలుసా?

మూడో ప్రశ్నే ఆ అబ్బాయి తల్లి విషయంలో చిక్కుముడి విప్పింది. పెద్ద మెనింజియోమాలు ఆపరేషన్ బల్ల మీద విపరీతంగా నెత్తురు పోస్తాయి. అందుకే కొందరికి ఒకటి రెండు రోజుల ముందు నాళాలు మూసేస్తారు. నెత్తురు అందక కొంత కణితి చచ్చిపోతుంది. ఆ చచ్చిన భాగం అంచున బతికున్న కణాల్లో కీ-67 ఒక్కసారిగా పెరుగుతుంది. ఆవిడకు ఆ ప్రక్రియ జరిగింది. ముక్కతో పాటు వెళ్లిన కాగితంలో ఆ సంగతి ఎవరూ రాయలేదు. మొదట లెక్కించిన వాళ్లు సహజంగానే గోధుమ చుక్కలు మెరిసిన ఆ అంచునే ఎంచుకున్నారు. లెక్క తప్పు కాదు, చోటు తప్పు. అంచుకు దూరంగా మళ్లీ లెక్కించాను. మూడున్నర వచ్చింది. మైటోసిస్‌లు పది వృత్తాల్లో రెండే.

దానర్థం ఎనిమిదిని చెత్తబుట్టలో పడేయమని కాదు. రెండు అంకెలనూ, వాటి కారణాన్నీ రాసి పంపాను. సర్జన్ కూడా జాగ్రత్తపడి, మొదటి రెండేళ్లు ఎంఆర్‌ఐలు కాస్త దగ్గరదగ్గరగా తీయించుకోమన్నారు.

శాతం నిజం కంటే తక్కువ రావడానికీ దారులున్నాయి. ముక్క మరీ చిన్నదైతే నెమ్మదిగా ఉన్న భాగమే చేతికి చిక్కి ఉండవచ్చు. ఫార్మలిన్‌లో వేయడం ఆలస్యమైనా, కరెంటు కత్తెర వేడికి కణాలు మాడినా రంగు సరిగా పట్టదు. ఒకే పలకను ఇద్దరు పాథాలజిస్టులు లెక్కించినా అంకె కొంచెం అటూ ఇటూ కావడం మామూలే. కాబట్టి పక్క మంచం రోగి ఆరుతో మీ తొమ్మిదిని పోల్చకండి. నాలుగుకూ ఆరుకూ మధ్య తేడా చాలాసార్లు ల్యాబుల మధ్య తేడానే. రెండుకూ ఇరవైకీ మధ్య తేడా మాత్రం కణితి తేడా.

సర్జన్ రాసిన కాగితం పక్కన పెట్టుకోండి

తిరగబెట్టడం గురించి పాథాలజిస్టు చెప్పేది సగమే. మిగతా సగం ఆపరేషన్ నోట్సులో ఉంటుంది. డొనాల్డ్ సింప్సన్ అనే సర్జన్ 1957లో మెనింజియోమా రోగుల వివరాలు పరిశీలించి ఒక కొలబద్ద చెప్పారు. కణితిని, అది అంటుకున్న పొరను, పాడైన ఎముకను పూర్తిగా తీసేస్తే మొదటి తరగతి. కణితి మొత్తం తీసి, పొరను కాల్చి వదిలేస్తే రెండోది. ఆయన చూసిన రోగుల్లో మొదటి తరగతిలో 9 శాతం మందికి, రెండో తరగతిలో 19 శాతం మందికి తిరగబెట్టింది. అప్పుడు ఎంఆర్‌ఐలు లేవు, అయినా ఆ కొలబద్ద ఇప్పటికీ సర్జన్ల నోట వినిపిస్తుంది. కీ-67 రెండు శాతమే ఉండి, పెద్ద సిర పక్కన ముక్క మిగిలిపోయిన కణితి కంటే, అయిదు శాతం ఉండి పూర్తిగా తీసేసిన కణితితో నేను కాస్త నిశ్చింతగా ఉంటాను.

డిశ్చార్జి సమ్మరీలో ఈ సంగతి లేకపోతే సర్జన్‌ను నేరుగా అడగండి: "ఎంత తీశారు సార్? మిగిలింది ఎక్కడ, ఎందుకు వదిలేశారు?" ఆ జవాబును రిపోర్టు వెనుక మీ చేతిరాతతో రాసుకోండి.

బ్లాకు, స్లైడ్లు జాగ్రత్త చేయండి

రెండో అభిప్రాయం కావాలంటే కాగితం జిరాక్సు చాలదు. మైనపు బ్లాకు, రంగు వేసిన స్లైడ్లు కావాలి. ఆసుపత్రి ల్యాబులో లిఖితపూర్వకంగా అడిగి, సంతకం పెట్టి తీసుకోండి. కణితి ఉన్న బ్లాకులు రెండు మూడు ఉంటే అన్నీ ఒకేసారి తేవద్దు, ఒకటి అక్కడే ఉండనివ్వండి. హైదరాబాద్ నిమ్స్‌కు, బెంగళూరు నిమ్హాన్స్‌కు, ముంబయి టాటా మెమోరియల్‌కు వెళ్లేవాళ్లు వీటిని వెంట తీసుకెళ్తే మళ్లీ తిరగవలసిన పని తప్పుతుంది.

ఒక్క జాగ్రత్త. ఆ మైనం అరవై డిగ్రీల లోపే కరుగుతుంది. మే నెల ఎండలో అద్దాలు బిగించిన కారులో, ముందు అద్దం కింద పెట్టిన బ్లాకు మెత్తబడి రూపు చెడుతుంది. ఆ అబ్బాయి విజయవాడ నుంచి బస్సులో వస్తూ స్టీలు టిఫిన్ డబ్బాలో దూది పరిచి, బ్లాకు పెట్టి, ఒళ్లో పట్టుకొని కూర్చున్నాడట. నేను చూసినంతలో అంత శ్రద్ధగా తెచ్చిన బ్లాకు ఇంకొకటి లేదు.

బ్లాకు మీద చెక్కిన నంబరును ఫైలు అట్ట మీద, ఫోనులో రాసుకోండి. కణితి తిరిగి వచ్చి మళ్లీ ఆపరేషన్ చేయవలసి వస్తే, కొత్త ముక్కను, పాత బ్లాకును ఒకే ల్యాబులో, ఒకే రోజు, పక్కపక్కన రంగు వేయమని అడగండి. ఒకే చేతి లెక్కలో రెండు నుంచి పన్నెండుకు పెరిగిందని తెలిస్తే అది నమ్మదగిన మార్పు.

ఎంఆర్‌ఐ తేదీలు రాసుకోండి

కీ-67 మీ రోజువారీ జీవితంలో నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మొదటి ఎంఆర్‌ఐ ఆపరేషన్ అయిన రెండు రోజుల్లో, లేదా మూడు నెలల తర్వాత తీస్తారు. ఐరోపా న్యూరో ఆంకాలజీ సంఘం సూచనల ప్రకారం గ్రేడు 1 మెనింజియోమాకు అయిదేళ్లపాటు ఏడాదికొకసారి, ఆ పైన రెండేళ్లకొకసారి. గ్రేడు 2కు అయిదేళ్లపాటు ఆరు నెలలకొకసారి, తర్వాత ఏడాదికొకసారి. గ్రేడు 3కు మూడు నుంచి ఆరు నెలలకు. గ్రేడు తక్కువై శాతం ఎక్కువగా ఉన్నప్పుడు డాక్టర్లు ఈ వ్యవధులను దగ్గర చేస్తారు. కణితి కొంత మిగిలి ఉండి, శాతం కూడా ఎక్కువైతే రేడియేషన్ ఇప్పుడే ఇవ్వాలా, ఆగి చూడాలా అన్న చర్చ వస్తుంది. ఆ చర్చలో సర్జన్, రేడియేషన్ డాక్టర్, పాథాలజిస్టు ముగ్గురూ ఉండేలా చూసుకోండి. మీ ఊళ్లో ముగ్గురూ ఒకేచోట లేకపోతే ఒకరి అభిప్రాయాన్ని ఇంకొకరికి కాగితం మీద చేరవేయండి.

తలనొప్పి కొత్తగా మొదలైనా, ఫిట్స్ వచ్చినా, చెయ్యో కాలో పట్టు తప్పినా తేదీ కోసం ఆగకండి, వెంటనే వెళ్లండి.

ప్రతి ఎంఆర్‌ఐ సీడీనీ దాచండి. రిపోర్టు ఉందిగదా అని సీడీ పారేయకండి. మూడో ఏడు ఆ అబ్బాయి తల్లికి వేరే కేంద్రంలో తీసిన ఎంఆర్‌ఐలో ఆపరేషన్ చోట పొర మెరుస్తోందని, తిరగబెట్టిందేమోనని రాశారు. అతను ఫోను చేసినప్పుడు గొంతులో మళ్లీ ఆ మే నెల వణుకే వినిపించింది. పాత సీడీలన్నీ తీసుకొని సర్జన్ దగ్గరికి వెళ్లమన్నాను. మూడో నెల ఎంఆర్‌ఐ తెర మీద ఒక పక్క, కొత్తది ఇంకో పక్క పెట్టి చూశారు. అదే చోట, అదే మందంలో, అదే మచ్చ. మర్నాడు పొద్దున అమ్మతో ఫోను చేయించాడు.